బాపట్ల వాళ్లు ప్రార్థన చేయలేదా?

మా పల్లె మందిరానికి గంట ఉండేది కాదు. ముందున్న చింతచెట్టు కొమ్మకు ఇనుప గొలుసుతో ఒక రైలుపట్టా ముక్కను వేలాడదీశారు. ఆదివారం ఆరాధనకు దాన్ని తీరిగ్గా, దెబ్బకూ దెబ్బకూ మధ్య ఎడమిచ్చి కొట్టేవారు. వేళ కాని వేళ గబగబా మోగిందంటే మాత్రం ఎవరింటికో ఆపద వచ్చిందని లెక్క. పాము కరిచినా, కాన్పు కష్టమైనా, పట్నం పోయినవాడు చెప్పిన రోజుకు తిరిగి రాకపోయినా ఆ పట్టానే పిలిచేది. ఆడవాళ్లు పొయ్యి మీది ఎసరు దించి, కొంగుకు చేతులు తుడుచుకుంటూ వచ్చేవారు. మగవాళ్లు తలగుడ్డ తీసి భుజాన వేసుకుని, చెప్పులు బయట విడిచి లోపలికి వచ్చేవారు. గడ్డివాము అంటుకున్నప్పుడు మాత్రం ముందు నీళ్లు, తర్వాత ప్రార్థన. ఈ వరుస మార్చాలని మా పాస్టరుగారు కూడా ఎన్నడూ పట్టుబట్టలేదు.

చీరాల నుంచి ఒంగోలు వెళ్లే దారిలో, గాలి తూర్పు తిరిగితే సముద్రపు హోరు వినబడేంత దూరంలో మా ఊరు. ఊరికి ఎడంగా మా మాదిగపల్లె. పల్లె అంతా బాప్టిస్టు సంఘమే. పాస్టరును అయ్యగారనీ, ఆయన భార్యను అమ్మగారనీ పిలిచేవాళ్లం. 1970ల నాటి సంగతి ఇది.

ఆపద ప్రార్థన అంటే ఒకరు చేస్తుంటే మిగిలినవాళ్లు కళ్లు మూసుకుని వినడం కాదు అక్కడ. ఈతచాపల మీద అందరూ మోకరించి ఒక్కసారిగా గొంతెత్తేవారు. ఎవరి మాట వారిది, ఎవరి ఏడుపు వారిది. ఆ రొదలో పిల్లలం మేము కళ్లు సగం తెరిచి చూస్తూ ఉండేవాళ్లం. ఒకాయన ప్రార్థన మధ్యలోనే కళ్లు తెరవకుండా పక్కవాడితో "నా బండి ఇరుసు బాగాలేదు, నీ బండి కట్టు" అనేవాడు. ఇంకొకామె జాకెట్టులోంచి ముడుచుకున్న పది రూపాయల నోటు తీసి ముందున్నామె వీపు మీద తట్టి ఇచ్చేది. అయ్యగారు ఆమెన్ చెప్పేసరికి బండి ఎవరిది, డబ్బు ఎవరిది, ఆసుపత్రికి తోడు ఎవరు, ఇంట్లో పిల్లలకు అన్నం ఎవరు పెడతారు అన్నవన్నీ తేలిపోయి ఉండేవి. ప్రార్థనకూ పనికీ మధ్య గీత ఎక్కడుందో నాకు ఆనాడు కనబడలేదు.

ఆ గుంపులో అందరికన్నా గట్టిగా వినబడేది మా నాయనమ్మ గొంతు. ఆమెకు చదువు రాదు. చిన్నప్పుడు ఇంటింటికీ తిరిగి వాక్యం చెప్పే బైబిలు స్త్రీ ఒకామె దగ్గర కొన్ని కీర్తనలు కంఠతా పట్టింది. వాటిలో ఆమెకు బాగా పట్టుబడింది 50వ కీర్తనలోని వాక్యం: "ఆపత్కాలమున నీవు నన్నుగూర్చి మొఱ్ఱపెట్టుము నేను నిన్ను విడిపించెదను." దీన్ని ఆమె అప్పుపత్రంలా వాడేది. మోకరించగానే ముందు ఆ వాక్యం చదివి, "ఇది నువ్వు రాయించిన మాటే కదా తండ్రీ, నేను కల్పించింది కాదు కదా" అని మొదలుపెట్టేది. ఆ తర్వాత వివరాలు. ఎవరి కోసం అడుగుతున్నదో వారి ఇల్లు ఎక్కడుందో కూడా చెప్పేది. "బావి పక్కన వేపచెట్టు కింద ఇల్లు, మొన్న వానకు గోడ కూలింది చూడు, ఆ ఇల్లు." దేవుడికి చిరునామా ఎందుకు నాయనమ్మా అని ఒకసారి అడిగితే, "ఆయనకు తెలుసురా. నాకు తెలుసో లేదో ఆయన చూస్తాడు" అంది. ఎవరికోసం అడుగుతున్నామో ఆ ఇంటి గోడ సంగతి కూడా తెలియకుండా మోకాళ్లు వేస్తే అది ఆమె దృష్టిలో ప్రార్థన కాదు.

అడిగింది దొరికినప్పుడు కృతజ్ఞత చెల్లించడంలోనూ ఆమె పద్ధతి ఆమెదే. మొక్కుకున్న కోడిని ఆదివారం మందిరానికి తెచ్చి, కాళ్లు కట్టి బల్ల కింద పెట్టేది. ప్రసంగం మధ్యలో అది అరుస్తూనే ఉండేది. ఆరాధన ముగిశాక గుమ్మడికాయలు, కోడిగుడ్లు, కొత్త ధాన్యంతో పాటు కోడినీ వేలం వేసేవారు. సంతలో ఎనిమిది రూపాయలు పలికే కోడి అక్కడ పాతికకు పోయేది. ఒక్కోసారి పాడుకున్నవాడు అక్కడికక్కడే మళ్లీ సంఘానికి ఇచ్చేస్తే అదే కోడి రెండోసారి వేలానికి వచ్చేది. నాయనమ్మకు ఈ రెండో వేలం నచ్చేది కాదు. "నేను ఒక మేలుకు ఒక కోడి ఇచ్చాను, రెండు మేళ్లకు లెక్క రాసుకుంటాడేమో" అని సణిగేది.

నాయనమ్మ ప్రార్థనకు ఒక వంశవృక్షం ఉంది. ఆమెకు ఆమె అమ్మమ్మ చెప్పిన కథలన్నీ ధాత కరువు దగ్గర మొదలయ్యేవి. 1876 నుంచి 1878 వరకు దక్షిణ దేశాన్ని పీల్చేసిన కరువు అది. ఒంగోలులో ఉన్న అమెరికన్ బాప్టిస్టు మిషనరీ జాన్ క్లౌ దొర అప్పుడు బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్ల తవ్వకం కాంట్రాక్టు తీసుకున్నాడు. అమెరికాలో ఉండగా ఆయన భూములు కొలిచే పని చేసినవాడు. ఆకలితో వచ్చిన వేలమందికి పారలు, గంపలు ఇచ్చి కూలి కట్టించాడు. నాయనమ్మ అమ్మమ్మ అప్పటికి పెళ్లీడు పిల్ల. మట్టిగంప తలకెత్తుకుని గట్టు ఎక్కుతూ, దిగుతూ, పని ఆపిన వేళల్లో బోధకులు చెప్పే మాటలు విన్నదట. బోధకులు ఎక్కడో వేదిక మీద ఉండేవారు కాదు, వాళ్లే మేస్త్రీలుగా పనిలో పక్కనే ఉండేవారు.

మా వాళ్లను "పిండి కోసం కలిసినవాళ్లు, పాలపొడి కోసం కలిసినవాళ్లు" అని ఎగతాళి చేసే మాట నేను బడిలో ఎన్నోసార్లు విన్నాను. విన్న ప్రతిసారీ నాయనమ్మ చెప్పిన సంగతి గుర్తుకొచ్చేది. కరువు రోజుల్లో బాప్తిస్మం ఇవ్వమని జనం గుంపులుగా అడిగినా క్లౌ దొర ఇవ్వలేదు. గింజల కోసం అడుగుతున్నారేమో అన్న అనుమానంతో నెలల తరబడి నిరాకరించాడు. కూలి పని అయిపోయి, సాయం డబ్బు కూడా నిండుకుని, ఇక ఇవ్వడానికి ఏమీ లేదని చెప్పి పంపిన తర్వాత కూడా వాళ్లు తిరిగి వచ్చారు. 1878 జులై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మ ఏట్లో ఒక్కరోజే 2,222 మందికి బాప్తిస్మం ఇచ్చారు. ఆరుగురు బోధకులు, ఒకేసారి ఇద్దరు చొప్పున నీళ్లలో నిలబడి, వంతులు మార్చుకుంటూ రోజంతా ఆ పని చేశారు. ఆ రెండువేల చిల్లరలో తన అమ్మమ్మ ఎన్నోదో నాయనమ్మకు తెలియదు గానీ, "మధ్యాహ్నం ఎండ తగ్గకముందే మునిగింది" అని మాత్రం గట్టిగా చెప్పేది.

ఆకలితో ఉన్నవాడు దేవుడి వైపు తిరగడంలో సిగ్గుపడవలసింది ఏముందో నాకు ఇప్పటికీ అర్థం కాదు. కడుపు నిండినవాడు తత్వం కోసం తిరిగితే గొప్ప, ఎండిన డొక్కలతో తిరిగితే తక్కువ అన్న లెక్క ఎవరు వేశారు? చాలా ఏళ్ల తర్వాత ఉద్యోగరీత్యా మెదక్ వెళ్లినప్పుడు అక్కడి పెద్ద చర్చి మెట్ల మీద కూర్చుని ఇదే ఆలోచించాను. మొదటి ప్రపంచ యుద్ధం నాటి కరువులో జనానికి పని చూపించి అన్నం పెట్టడానికి ఇంగ్లీషు మిషనరీ పోస్నెట్ దొర ఆ కట్టడం తలపెట్టాడని అక్కడివారు చెప్పుకుంటారు. 1914లో మొదలై 1924 క్రిస్మస్ నాడు ప్రతిష్ఠ జరిగింది. కరువు, కూలి, ప్రార్థన. మా కాలువ కథే, అక్కడ రాతిలో నిలబడి ఉంది.

ఒంగోలు ప్రార్థన కొండ గురించి కూడా చెప్పాలి. 1854 జనవరి 1 తెల్లవారుజామున, క్లౌ కన్నా ముందు వచ్చిన బాప్టిస్టు మిషనరీ జూయెట్ దొర, ఆయన భార్య, మరికొద్దిమంది తెలుగు విశ్వాసులు ఆ గుట్ట ఎక్కి, ఈ ప్రాంతానికి ఒక మిషనరీని పంపమని మోకరించి అడిగారు. తెలుగు మిషనును మూసేయాలా అని అమెరికాలో పెద్దలు తర్జనభర్జన పడుతున్న రోజులవి. క్లౌ ఒంగోలులో స్థిరపడింది 1866లో. అంటే అడిగిన పన్నెండేళ్లకు. కొత్త సంవత్సరం నాడు తెల్లవారకముందే నాయనమ్మ మమ్మల్ని ఆ కొండకు తీసుకెళ్లేది. చలికి వణుకుతూ ఎక్కుతుంటే, "పన్నెండేళ్లురా, ఒక్క మనిషిని పంపడానికి. నువ్వు పరీక్ష ముందురోజు అడిగితే మర్నాటికల్లా కావాలంటావు" అని నన్ను దెప్పేది.

అమ్మ వైపువాళ్లు విజయవాడ క్యాథలిక్కులు. మా ఇంట్లో ఈ విషయమై చిన్న యుద్ధం ఎప్పుడూ నడుస్తూ ఉండేది. తమ్ముడికి టైఫాయిడ్ వచ్చి, జ్వరం దిగక పలవరిస్తున్నప్పుడు అమ్మ గుణదల మాతకు మొక్కుకుంది. నాయనమ్మ ముఖం మాడ్చుకుంది. "నేరుగా తండ్రితో మాట్లాడటానికి నోరు లేదా" అంది. అమ్మ తగ్గలేదు. "మీ అబ్బాయితో పని పడితే ఊరంతా మీ దగ్గరికే వస్తున్నారు కదా అత్తమ్మా, నేరుగా ఆయన్నే అడగవచ్చు కదా" అంది. నాయనమ్మ దగ్గర దానికి జవాబు లేదు. ఒంగోలు మిషన్ ఆసుపత్రిలో తమ్ముడు కోలుకున్నాడు. ఆ ఫిబ్రవరి ఉత్సవాలకు అందరం గుణదల వెళ్లాం. 11వ తేదీన కొండ కిందంతా జనం. 1924లో ఆర్లాటి అనే క్యాథలిక్ ఫాదరు అక్కడ మరియమాత విగ్రహం నిలిపిన నాటి నుంచి పెరుగుతూ వచ్చిన పండుగ అది. తలనీలాలు ఇచ్చేవాళ్లు, కొబ్బరికాయలు కొట్టేవాళ్లు, కొవ్వొత్తులు వెలిగించేవాళ్లు, బొట్టు పెట్టుకుని వచ్చి మాతకు దండం పెట్టే హిందువులు, అందరూ ఒకే వరుసలో. నాయనమ్మ కొండ ఎక్కనని కింద కూర్చుంది. మేము దిగి వచ్చేసరికి ఎవరో తెలియని తల్లి భుజం మీద చెయ్యి వేసి, ఆమె బిడ్డ కోసం ప్రార్థన చేస్తోంది. చిరునామా అడిగి మరీ.

అడిగినవన్నీ దొరికాయని చెబితే అబద్ధమవుతుంది. మా చిన్నత్త కాన్పులో పోయింది. ఆ రాత్రి పట్టా మోగింది, పల్లె అంతా మోకరించింది, బండి కట్టారు, ఆసుపత్రికి చేరకముందే ప్రాణం పోయింది. నాయనమ్మ కూతురు ఆమె. ఆ తర్వాత చాలాకాలం నాయనమ్మ ఇంట్లో ప్రార్థన చేస్తుంటే వినడానికి భయంగా ఉండేది. అది ప్రార్థనలా లేదు, పొలం గట్టు తగాదాలా ఉండేది. ఎన్నాళ్లు నన్ను మరచిపోతావని దావీదు అడిగిన 13వ కీర్తనను ఆమె తన మాటల్లోకి మార్చుకుని, గోడకు ఆనుకుని, చెయ్యి ఊపుతూ అడిగేది. మా నాన్న వద్దని వారిస్తే, "దావీదు పోట్లాడితే పుస్తకంలో రాసుకున్నారు, నేను పోట్లాడితే తప్పయిందా?" అనేది. కొన్నాళ్లకు పోట్లాట తగ్గింది. ఎలా తగ్గిందని నేను అడగలేదు. ఒకసారి తనే చెప్పింది, వడ్లు చెరుగుతూ: "గెత్సేమనే తోటలో కొడుకు యేసే ఆ చావు గిన్నె తప్పించమని తండ్రిని అడిగాడు. తప్పించలేదు. కొడుక్కే లేదన్నవాడు నాకు లేదన్నాడు. సరే. ఆయన ఇంట్లో కూడా చావు జరిగింది." మళ్లీ చెరగడంలో పడింది.

1977 నవంబరు 19, శనివారం. తుపాను వస్తోందని రేడియో చెబుతూనే ఉంది గానీ, అంతటిది వస్తుందని ఎవరూ అనుకోలేదు. మధ్యాహ్నానికే గాలి తాటిచెట్ల మొవ్వులను మెలితిప్పడం మొదలుపెట్టింది. చీకటి పడకముందే పూరిళ్ల కప్పులు లేచిపోయాయి. పల్లె అంతా మందిరంలోకి చేరింది. రైలుపట్టా ఎవరూ కొట్టకుండానే గాలికి చెట్టుకు తగిలి మోగుతోంది. కొంతసేపటికి పెంకులు ఒక్కొక్కటిగా లేచి ఎగరసాగాయి. అయ్యగారు ప్రార్థన ఆపి, "ఇక్కడ ఉండవద్దు, సొసైటీ గోదాముకు పదండి" అన్నారు. ఊళ్లో స్లాబు ఉన్న కట్టడం అదొక్కటే. పిల్లల నడుములకు మోకులు కట్టి, వంగి వంగి నడిచి అక్కడికి చేరాం. అప్పటికే ఊరివాళ్లు చాలామంది లోపల ఉన్నారు. ఎరువు బస్తాల ఘాటు వాసన మధ్య, మామూలు రోజుల్లో మమ్మల్ని అరుగు ఎక్కనివ్వని ఇళ్లవాళ్లూ మేమూ భుజాలు తగిలేలా కూర్చున్నాం. మా వాళ్లు కీర్తన ఎత్తుకుంటే గాలి హోరులో పక్కవాడి గొంతు కూడా వినబడలేదు. పెదవులు కదలడం మాత్రం లాంతరు వెలుగులో కనబడేది. కరణంగారి తల్లి రామనామం జపిస్తోంది. నాయనమ్మ ఆమె పక్కన కూర్చుని, ఆమె ఒళ్లు వణుకుతుంటే తన దుప్పటి సగం కప్పి, తన ప్రార్థన తను చేసుకుంది. తెల్లవారేసరికి మేము బతికి ఉన్నాం. మందిరానికి గోడలు మిగిలాయి.

తర్వాతి రోజుల్లో ఒక్కో వార్త వచ్చింది. దివిసీమలో ఉప్పెన ఊళ్లను తుడిచిపెట్టేసింది. పదివేలకు పైగా చనిపోయారు. పశువుల కళేబరాలు, మనుషుల శవాలు పొలాల్లో తేలాయి. మాకు బాగా దగ్గరగా తగిలిన వార్త బాపట్లది. ఇళ్లు వదిలి బాప్టిస్టు చర్చిలో తలదాచుకున్న సుమారు వందమంది, భవనం కూలి దాని కిందే చనిపోయారు. మా పల్లెలో చాలామందికి ఆ వైపు వియ్యాలవాళ్లున్నారు.

పెంకులు లేని మందిరంలో, నెత్తిన ఆకాశం పెట్టుకుని జరిగిన తొలి ఆరాధనలో సాక్ష్యాల వేళ వచ్చింది. ఎవరికి జరిగిన మేలు వారు లేచి చెప్పుకునే వేళ అది. సంఘ పెద్దల్లో ఒకాయన లేచాడు. మంచి మనిషి, తుపాను రాత్రి ముసలివాళ్లను వీపున మోసినవాడు. "మనం విశ్వాసంతో ప్రార్థించాం కాబట్టి దేవుడు మన పల్లెలో ఒక్క ప్రాణం కూడా పోనివ్వలేదు" అన్నాడు. అందరూ స్తోత్రం అన్నారు. అప్పుడు నాయనమ్మ లేచింది. ఆడవాళ్ల వైపు ముందు వరుసలో కూర్చునేది ఆమె. "అయ్యగారూ, ఒక్క మాట. బాపట్ల వాళ్లు ప్రార్థన చేయలేదా? మనకన్నా తక్కువ చేశారా? మనం గోదాములో చేశాం, వాళ్లు ఆయన ఇంట్లోనే చేశారే!"

ఆ పెద్దమనిషి నిలబడినవాడు నిలబడినట్టే ఉండిపోయాడు. ఎవరో ఒకామె వెక్కి వెక్కి ఏడ్వడం మొదలుపెట్టింది. ఆమె అన్న కుటుంబం బాపట్లలో ఉంది, ఇంకా కబురు తెలియలేదు. ఇంతసేపూ స్తోత్రాల మధ్య ఏడ్వడానికి ఆమెకు చోటు దొరకలేదు. అయ్యగారు ఏ జవాబూ చెప్పే ప్రయత్నం చేయలేదు. చెప్పి ఉంటే నాకు ఆయన మీద గౌరవం కొంచెం తగ్గేదేమో. దిగివచ్చి ఆ ఏడుస్తున్నామె దగ్గర మోకరించాడు. ఆ ఆదివారం ప్రసంగం లేదు.

మరుసటి వారం ఆయన లూకా సువార్త 13వ అధ్యాయం తీశాడు. సిలోయములో గోపురం కూలి పద్దెనిమిది మంది చనిపోయిన సంగతి అందులో ఉంది. వాళ్లు యెరూషలేములోని మిగతావాళ్లకన్నా పాపులు అనుకుంటున్నారా అని యేసు అడిగి, కాదని తనే చెబుతాడు. అన్నేళ్లుగా చర్చికి వెళుతున్నా ఆ భాగం ఎవరూ ప్రసంగించగా నేను వినలేదు. బైబిల్లో అన్నీ పోగొట్టుకున్న యోబును ఓదార్చడానికి వచ్చిన స్నేహితుల సంగతి కూడా ఆయన ఆ రోజే చెప్పాడు. కష్టానికి కారణాలు వివరించినవాళ్ల మీద దేవుడికి కోపం వచ్చింది గానీ, బూడిదలో కూర్చుని నిలదీసిన యోబు మీద కాదని. నాయనమ్మ ఆ మాటకు తల పైకెత్తి చుట్టూ చూసింది. ముఖ్యంగా మా నాన్న వైపు.

ఆ నెలంతా పల్లెలో పిడికెడు బియ్యం రెండు పిడికిళ్లయింది. వండే ముందు ఎసట్లో పోసే బియ్యంలోంచి ఒక పిడికెడు తీసి సంఘం కుండలో వేయడం మా ఆడవాళ్ల అలవాటు. మా ఇళ్లకే కప్పులు లేవు, అయినా కుండ నిండింది. బియ్యం, పాత చీరలు, దుప్పట్లు కట్టుకుని మా నాన్నతో పాటు కొందరు బాపట్ల వైపు నడిచి వెళ్లారు. ఆ ఏడుస్తున్నామె అన్న కుటుంబంలో ఇద్దరు దొరికారు, ముగ్గురు లేరు.

నాయనమ్మ 1980ల చివర్లో వెళ్లిపోయింది. పల్లెలో ఇప్పుడు పెద్ద మందిరం, స్లాబు, మైకు, డ్రమ్ములు, గోపురం మీద రంగు దీపాలు. ఆపదలు ఫోన్లలోకి వచ్చాయి. "ప్రార్థించండి" అని వాట్సాప్‌లో ఒక సందేశం, దాని కింద చేతులు జోడించిన బొమ్మలు వరుసగా. నేనూ ఆ బొమ్మ పెడతాను. ఆ బొమ్మ పెట్టేటప్పుడు అవతలి మనిషి ఇంటి గోడ ఎలా ఉందో నాకు తెలియదు. టీవీలో ప్రార్థన నూనె అమ్ముతున్నారు, సాక్ష్యాలు కూడా అక్కడే చూపిస్తున్నారు. క్యాన్సర్ తగ్గినవాళ్లు, వీసా వచ్చినవాళ్లు, అప్పు తీరినవాళ్లు వచ్చి చెబుతారు. తగ్గనివాళ్లను ఎవరూ మైకు దగ్గరకు పిలవరు. వాళ్లు కూడా అంతే ఏడ్చి అడిగి ఉంటారు. వాళ్లకు ఒక వరుస కుర్చీలైనా ఎక్కడ వేశారో నాకు తెలియడం లేదు.

అయితే పూర్తిగా పోయిందని కూడా అనలేను. 2021 ఏప్రిల్, మే నెలల్లో, కరోనాకు ఆక్సిజన్ కోసం జనం ఊళ్లు పట్టుకు తిరిగిన ఆ రోజుల్లో, మా బంధువర్గమంతా రాత్రి తొమ్మిదికి జూమ్‌లో చేరేవాళ్లం. కువైట్ నుంచి ఒక మరదలు, డల్లాస్ నుంచి పెద్దనాన్న మనవడు, ఒంగోలు, చీరాల, హైదరాబాద్. ఒకేసారి అందరూ గొంతెత్తితే జూమ్ ఒప్పుకోదు, ఒకరి గొంతు ఇంకొకరిని మింగేస్తుంది. అయినా ఎత్తేవాళ్లు. ఆ రొదలోనే ఎవరో "గుంటూరులో ఒక మంచం ఖాళీ అయిందట, నంబరు పెడుతున్నా" అనేవారు. ఇంకెవరో అప్పటికప్పుడు డబ్బు పంపేవారు. నాకు ఈతచాపలు గుర్తొచ్చేవి.

మా బాబాయి ఆ మే నెలలో పోయాడు. వెంటిలేటరు మీద ఉన్న రోజులన్నీ అందరం అడిగాం. పిన్ని అయితే ఉపవాసంతో అడిగింది. అదే వార్డులో ఉన్న మా బావమరిది బతికి బయటపడ్డాడు. ఏడాది తిరిగాక వాళ్లింట్లో కృతజ్ఞత కూటం పెట్టారు, బతికినందుకు. పిన్నిని పిలవాలా వద్దా అని వాళ్లు మల్లగుల్లాలు పడుతుండగా, ఆమే ఫోను చేసి ఎన్నింటికి రావాలో అడిగింది.

కూటంలో బావమరిది సాక్ష్యం చెప్పాడు. డాక్టర్లు వదిలేశారని, దేవుడు వదల్లేదని. స్తోత్రాలు మోగాయి. యువ పాస్టరు ముగింపు ప్రార్థనకు లేస్తుండగా పిన్ని చెయ్యెత్తింది. "నాకూ సాక్ష్యం ఉంది" అంది. ఆయన ఇబ్బందిగా నవ్వి, గడియారం చూసి, "ఐదు నిమిషాలమ్మా, భోజనాలు చల్లారిపోతాయి" అన్నాడు. పిన్ని లేచి, చీర కుచ్చిళ్లు సర్దుకుని, మైకు అందుకుంది. "నేనూ అడిగాను. నాకు ఇవ్వలేదు. ఎలా అడిగానో, ఇవ్వని తర్వాత ఆయనతో ఏం మాట్లాడానో చెబుతాను, కూర్చోండి" అంది. లేవబోయినవాళ్లు కూర్చున్నారు. ఆ ఇంటి అమ్మాయి వెళ్లి బిర్యానీ గిన్నెల మీద మూతలు పెట్టి వచ్చింది. వంటవాళ్లు రెండుసార్లు తలుపు దగ్గరికి వచ్చి తొంగిచూసి వెళ్లారు. ముప్పావు గంట గడిచేసరికి పిన్ని ఇంకా బాబాయిని ఆసుపత్రిలో చేర్చిన రోజు దగ్గరే ఉంది, పాస్టరు గడియారం చూడటం మానేశాడు.